తోక తెగే గడ్డి

“ఆయమ్మ చెప్పింది సార్,” అన్నది మేడం ఫోన్లో.

రెండేళ్లుగా ఆ గొంతు “మీరు చెప్పారు కదా సార్” అనడమే నాకు అలవాటు. మేడం ఎమ్మిగనూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. నేను ఆదోనిలో సైన్సు మాస్టరుగా రిటైరైనవాణ్ణి. జీవితంలో ఎక్కువ భాగం బాబాలతో, బల్లిపాటు చెప్పేవాళ్లతో వాదించి, వ్యాసాలు రాసి గడిపాను. వాదనల మధ్య దొరికిన తీరికలో గడ్డిని చూడడం నేర్చుకున్నాను. పువ్వును నిలబడి చూడవచ్చు. గడ్డిని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఏ దేవుడి ముందూ వంచని మోకాళ్లు గడ్డి ముందు వంచానని సభల్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మేడం తన కాలేజీలో ఒక బీరువా పెట్టింది. ఈ పడమటి మండలాల బీళ్లలో, గుట్టల మీద పెరిగే గడ్డి జాతులన్నీ అందులో ఉండాలని ఆమె పట్టుదల. మొక్కను కాగితాల మధ్య అదిమి ఎండబెట్టి, దళసరి అట్ట మీద దారంతో కుట్టి, కింద మూలన చీటీ అంటించాలి. చీటీలో గడ్డి పేరు, దొరికిన చోటు, చివర ‘గుర్తించినవారు’. ఆ చివరి గీత మీద ప్రతి అట్టకూ నా పేరే. ఏదో పని కల్పించుకుని ఎమ్మిగనూరు బస్సెక్కి, ఆ బీరువా తెరిచి, నా పేరు నేనే చదువుకుని తిరిగొచ్చిన రోజులున్నాయి.

ఇప్పుడీ ఆయమ్మ ఎవరు? పెద్దకడుబూరు అవతల ఎర్రబీట్లో గొర్రెలు మేపుకునే మనిషి అట. ఒక్కో గింజకు మూడు పొడుగు మీసాలుండే గడ్డి ఒకటి ఆ పక్క విరివిగా పెరుగుతుంది. దాని కాడలు ఓ ఎనిమిది కుట్టిన అట్టను మేడం బీటికి తీసుకుపోయి, ఇంకా ఇలాంటిది ఎక్కడుందని ఆయమ్మను అడిగిందట. ఆయమ్మ అట్ట చూసి, “ఇందులో రెండు రకాలుండాయి గదమ్మా” అన్నదట.

“ఎంత బాగా చూస్తుందో సార్! మీరొకసారి రావాలి.”

ఆ ‘ఎంత బాగా’ రెండు రోజులు నాకు అన్నం సహించనివ్వలేదు. నా గురించి మేడం ఎన్నో మంచిమాటలు అన్నది గానీ, ఆ మాట అనలేదు.

నాకు కలిగినది సందేహమేనని నన్ను నేను ఒప్పించుకున్నాను. మాలాంటివాళ్లకు ఇదొక సౌకర్యం. అసూయ వచ్చినప్పుడు దానికి సందేహం అని పేరు పెట్టి, చేతికి భూతద్దం ఇచ్చి పంపవచ్చు. ఒకప్పుడు ఆదోని బజారులో పాముకాటుకు వేరు అమ్మే మనిషిని నలుగురి ముందూ నిలబెట్టి, అతని వేరును వేరే వేర్లతో కలిపి, నీదేదో తియ్యి అన్నాను. తీయలేకపోయాడు. ఆ కథ చెప్పి ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నానో లెక్కలేదు. ఆ పరీక్షే ఈమెకూ పెడదామని బయల్దేరాను.

వానలు వెనకబట్టి గడ్డి పండుతున్న రోజులు. ఆమె ఒక బండ మీద కూర్చుని, గొర్రె మెడను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఉన్నిలో చిక్కిన గడ్డి గింజలు ఏరుతోంది. యాభై దాటిన మనిషి. తల ఎత్తకుండానే అడిగింది.

“యాడ నుంచప్పా?”

“ఆదోని నుంచి.”

“గడ్డి కోసరం ఇంత దూరమా! మీ ఆదోనిలో గొర్రెలన్నీ మేసేసినాయా?”

మేడం పడీపడీ నవ్వింది. నా హాస్యానికి ఆమె చిరునవ్వు దాటి ఎప్పుడూ పోలేదు.

పన్నెండు కాడలు కోసి ఆయమ్మకు ఇచ్చి, వేరు చేయమన్నాను. రెండు కుప్పలు పెట్టింది. ఒక కుప్పలోని కాడల అడుగున చాటుగా పెన్నుతో చుక్కలు పెట్టాను. అన్నీ కలిపేసి, పైన కండువా కప్పి, ఈసారి చూడకుండా వేరు చేయమన్నాను.

“ఇదేం ఆటప్పా, సిన్నపిల్లోల మాదిరి!”

అంటూనే కండువా కిందికి చేతులు పోనిచ్చి, మేడంతో కోడలి కాన్పు సంగతి చెప్పుకుంటూ, ఒక్కో కాడా బయటికి తీసింది. చుక్కలున్నవన్నీ ఒక పక్క. లేనివన్నీ ఇంకో పక్క. ఒక్కటీ తప్పలేదు.

“ఎట్ల కనుక్కున్నావమ్మా?” అన్నాను.

“తోక గుంజి సూడు సారూ. దీనిది పుటుక్కున తెగి సేతికొస్తాది. దీనిది తెగదు, గింజతో గూడా వస్తాది. గొర్రె తోలులో దిగినప్పుడు తెగనిదైతే తోక పట్టుకోని పెరికేస్తాం. తెగేదైతే తోక మన సేతిలో, గింజ లోపల. ఆడ సీము పట్టి గొర్రె మేత ఇడుస్తాది. నీకూ నాలుగు గొర్రెలుంటే తెలుస్తుండె.”

భూతద్దం తీశాను. ఒకదానిలో ఆమె తోక అన్న మూడు మీసాలూ గింజ కొన నుంచే విడిపోతున్నాయి. రెండోదానిలో గింజకూ మీసాలకూ మధ్య పురి తిరిగిన సన్నని మెడ ఉంది, మెడ మొదట్లో కీలు లాంటి అతుకు. తోక తెగేది అక్కడే. పైపొట్టుల్లో కూడా ఒకదానిలో కిందిది పొట్టి, రెండోదానిలో కిందిదే పొడుగు. ఇదంతా పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. అట్టకు కుట్టిన ఎనిమిదింటిలో మొదటి కాడను మాత్రం భూతద్దంతో చూసి, మిగతా ఏడింటినీ నమ్మాను. నమ్మకం మీద ఇన్ని వ్యాసాలు రాసినవాణ్ణి.

“ఇప్పుడు నువ్వు సెయ్ సారూ,” అని కండువా నా వైపు తోసింది. చేశాను. మూడు తప్పాయి.

“తొమ్మిది వచ్చినాయి లే. పాసే!”

వచ్చేటప్పుడు మేడం ఆమె పేరు అడిగి రాసుకుంది, చీటీ మీద వేయడానికి.

“నా పేరేటికమ్మా? గొర్రెల పేరు రాసుకో. గుచ్చుకునేది వాటికి.”

ఆ అట్టను నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఇలాంటి అట్టల మీద తప్పు రాస్తే కొట్టివేయకూడదు, పాత చీటీ పీకకూడదు. దాని పక్కనే సరైన పేరుతో, సరిచేసిన వారి పేరుతో కొత్త చీటీ అంటించాలి. ఎవరు ఎక్కడ పొరబడ్డారో తర్వాతివాళ్లకు తెలియాలి. “మతగ్రంథానికీ మన అట్టకూ తేడా ఇదే” అని మేడం విద్యార్థులకు బల్ల గుద్ది చెప్పింది నేనే. అయినా, ఈ అట్టను పొయ్యిలో పెట్టి, రెండు కొత్త అట్టలు కుట్టి, రెండింటి మీదా నా పేరు వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన రాలేదని చెప్పను. భూతద్దంతో నిర్ధారించింది నేనే కదా అని కూడా వాదించి చూశాను. ఎదుటివాణ్ణి ఓడించడం నాకు కష్టం కాదు. ఈ వాదనలో ఎదుటివాడు కూడా నేనే కావడం వల్ల పని సాగలేదు.

చివరికి కొత్త చీటీ రాశాను. ‘గుర్తించినవారు’ దగ్గర ఆమె పేరు రాసి, జిగురు పూసి అంటించి, ఎమ్మిగనూరు తీసుకుపోయాను. నేను మంచిపని చేశానని మేడం అంటుందని ఎదురుచూశాను.

మేడం అట్టను కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. కళ్లద్దాలు పైకి తోసుకుని, మళ్లీ చూసింది.

“పెన్నులో ఇంకు తక్కువైందా సార్?”

అప్పుడు చూశాను. పాత చీటీ మీద నా పేరు దుకాణం బోర్డులా ఉంది. దాని పక్కన ఆమె పేరు చీమలు పోయినట్టు, భూతద్దం పెడితే తప్ప కనపడనంత చిన్నగా ఉంది. రాసేటప్పుడు నా చేతికి తెలుసు, నాకే తెలియలేదు.

“మళ్లీ రాసిస్తాను,” అని చీటీ అంచును గోటితో లేపబోయాను.

మేడం అట్టను వెనక్కి లాక్కుంది.

“అంటించింది పీకకూడదు. మీరు చెప్పారు కదా సార్.”