ఒక్క ఓటుకు పోయిన మీసం

నేను కడప జిల్లా నుంచి కోయిలకుంట్ల దగ్గరి ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ముందు అవ్వ, అంటే మా మామను కన్నతల్లి. తర్వాత మామ మీసం. ఆ తర్వాతే మామ. మా అత్త నేను రాకముందే కాలం చేసింది. ఇక మా ఆయన సంగతి అంటారా, ఆయన మాట ఎడ్లు కూడా వినేవి కావు.

ఆ మీసం అట్లాంటిట్లాంటిది కాదు. పొద్దున్నే దానికి ఆముదం పట్టించి, రెండు కొనలూ మెలిపెట్టి, అవి పైకి నిలబడ్డాకే మామ సంగటి ముద్ద ముట్టేవాడు. వాన రాకపోయినా, జొన్న ఎండినా మీసానికి మాత్రం కరువు లేదు. మా పుట్టింటివైపు మగవాళ్ళకూ మీసాలుండేవి గానీ, వాటికి ఇంత చాకిరీ నేనెక్కడా చూడలేదు.

నాకు ఆ ఇంట్లో మర్యాద దొరికిందంటే చదువు వల్లే. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. మామకు అక్షరం రాదు, పేపరు పిచ్చి మాత్రం జాస్తి. ఒకరోజు ఆలస్యంగా బస్సులో వచ్చే పేపరును కోయిలకుంట్ల నుంచి తెప్పించుకునేవాడు. కోడలు మామ ఎదుట కూర్చోకూడదు కదా, అందుకని నేను తలుపు చాటున నిలబడి చదివేదాన్ని. ఆయన అరుగు మీద కూర్చుని వినేవాడు. మా ఇద్దరికీ మధ్య గడప మీద అవ్వ కూర్చుని కందులు చెరుగుతూ, నచ్చిన చోట ఊ కొట్టేది, నచ్చని చోట చాట గట్టిగా తట్టేది.

అప్పుడు కర్నూలు మాకు రాజధాని. కొత్తగా వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి కట్టడాలు చాలక సర్కారును డేరాల్లో పెట్టారు. ఆ డేరాలకు పెద్ద, ముఖ్యమంత్రి, ఎనభై ఏళ్ళు దాటిన ముసలాయన. మామ ఆయన పేరు ఎప్పుడూ పలికేవాడు కాదు, పెద్దాయన అనేవాడు. నేనూ అట్లాగే అంటాను.

పెద్దాయన కథ మామ నోట ఎన్నిసార్లు విన్నానో. దండిగా సంపాదించే బారిష్టరు పనిని వదిలేసి స్వరాజ్యం కోసం వీధిలోకి వచ్చినవాడు. మద్రాసులో సిపాయిలు తుపాకులు ఎత్తితే చొక్కా విప్పి రొమ్ము చూపినవాడు. జైళ్ళు చూశాడు, పేపరు నడిపి ఉన్నదంతా అందులో పోశాడు. తెల్లవాళ్ళు పోకముందే మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యాడు. ఆ రోజుల్లో రాష్ట్రం పెద్దను కూడా ప్రధానమంత్రి అనేవాళ్ళు. ఏడాదైనా నిండకముందే సొంత మనుషులే దించేశారు. పాత పార్టీ విడిచి కొత్తది పెట్టాడు, మొదటి ఎన్నికల్లో ఓడిపోయాడు, అయినా మళ్ళీ వచ్చి మా కర్నూలు డేరాలో కుర్చీ వేసుకున్నాడు. కొత్త రాష్ట్రం పండుగకు మామ ఎద్దులబండి కట్టుకుని పోయి, ఆ దుమ్ములో ఆయన్ని దూరం నుంచి చూసి వచ్చాడు. దుమ్మే ఎక్కువ కనిపించిందని మా ఆయన తర్వాత నాకు చెప్పాడు.

మా ఇంటికి ఎదురుగా అంగడి. అంగడి శెట్టికి పెద్దాయనంటే గిట్టదు. నిజానికి మామకు ఇష్టమైనది ఏదీ శెట్టికి గిట్టదు, అది వాళ్ళ చిన్ననాటి స్నేహం. రోజూ పేపరు అయిపోగానే వీధికి ఆ పక్కా ఈ పక్కా కూర్చుని అరుచుకునేవాళ్ళు.

"ఎన్నితూర్లు పడినా లేసినోడప్పా ఆయన!" అనేవాడు మామ.

"లేసిన ప్రతితూరీ పడినాడు గదప్పా!" అనేవాడు శెట్టి.

రెండూ నిజమే కాబట్టి ఆ వాదన ఎప్పటికీ తేలేది కాదు. అంతలో కల్లుగీత గొడవ వచ్చింది. కల్లు మీద నిషేధం ఎత్తేయాలని కొందరు, ఉంచాలని కొందరు. అది ముదిరి ముదిరి మంత్రివర్గం మీద అవిశ్వాసం దాకా పోయింది. ఈసారి పెద్దాయన కల్లుకుండ తగిలి పడతాడని శెట్టి, పడడని మామ. మాటా మాటా పెరిగి మామ నడివీధిలో నిలబడి మీసం మీద చెయ్యి వేశాడు.

"పడితే ఈ మీసం తీసేస్తా! పడకపోతే నువ్వు తీసేయాల!"

శెట్టిది చీమలబారు మీసం. పోయినా ఎవరూ కనిపెట్టరు. సై అనడానికి ఆయనకేం కష్టం? సై అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. ఆ పందెంలో ఉన్న చిక్కు అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఓట్ల సంగతి పేపరులో వచ్చిన రోజు ముందుగా పెద్దక్షరాలు చూశాను. మంత్రివర్గం పడిపోయింది. అదీ ఒక్క ఓటు తేడాతో. చదవకుండా మడిచేద్దామా అనుకున్నాను గానీ అవ్వ అప్పటికే నా మొహం చూసేసింది.

"చదువు పాపా. పడినాడు గదా?"

చదివాను. మామ ఒకసారి కాదు, మూడుసార్లు చదివించుకున్నాడు. "ఒక్కటేనా? సరిగా చూడమ్మా," అన్నాడు. ఒక్కటే. ఇక ఆ ఒక్కణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. "ఎవడమ్మా ఆ ఒక్కడు? పేరు రాసినారా? చూడు." రాయలేదు. ఎవరి ఓటునైనా ఆ ఒక్క ఓటు అనుకోవచ్చు కదా అని నాకనిపించింది గానీ, మామకు లెక్కలు చెప్పే రోజు కాదది. లేచి మంగలిని పిలిపించాడు.

మంగలి పొది విప్పి కత్తి నూరుతుండగా శెట్టి వీధి అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. గెలిచినవాడి మొహంలా లేదది.

"ఆగప్పా! అమ్మ ఉండాది గదప్పా! అమ్మ బతికుండంగ నువ్వు మీసం యెట్ల తీస్తావు?"

అందరం ఒక్కసారి అవ్వ వైపు చూశాం. మా పల్లెల్లో మగవాడు మీసం తీశాడంటే ఒకటే అర్థం. కన్నవాళ్ళు పోయారని. మామ అంతకుముందు మీసం తీసింది ఒక్కసారే, వాళ్ళ నాయన పోయినప్పుడు. తల్లి ఎదురుగా కందులు చెరుగుతుంటే మీసం తీయడమంటే, చేతులారా ఆమెకు చావు కోరడమే. మామ మొహం నల్లబడిపోయింది.

శెట్టే ఒక దారి చెప్పాడు. "ఒక్క ఓటే గదప్పా తేడా. ఒక్క ఎంటిక పీకి నా చేతిలో పెట్టు. పందెం చెల్లిపాయె."

నాకైతే ఆ శెట్టికి దండం పెట్టాలనిపించింది. మామ ఒప్పుకోలేదు.

"ఒక్క ఓటుకు ఆయన కుర్చీ దిగినాడు. ఒక్క ఎంటికతో నేను మీసం నిలబెట్టుకుంటే, రేపు అద్దంలో మొగం యెట్ల చూసుకోవాలప్పా?"

అట్లాగని తీయనూ లేడు. మంగలిని పంపేసి పశువుల కొట్టంలోకి పోయి కూర్చున్నాడు. అన్నానికి రాలేదు. మాట తప్పితే ఊళ్ళో తలెత్తుకోలేడు, నిలబెట్టుకుంటే తల్లికి కీడు. అంత పెద్ద మనిషి, గడ్డిమోపు పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నవ్వులాటగా మొదలైన పందెం కాస్తా ఇంటి మీదికి వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున అవ్వే కర్ర పట్టుకుని కొట్టంలోకి పోయింది. నేను వెనకే సంగటి పట్టుకుని పోయాను.

"రేయ్ అబ్బోడా, మీ నాయన సచ్చినప్పుడు మీసం తీసి ఏడిస్తివి. ఆయప్ప చూసినాడా? నేను సచ్చినంక నువ్వు తీస్తే నాకేం తెలుస్తాది? ఇప్పుడే తియ్యి. కండ్లారా చూస్తా."

"అమ్మా, అట్లనగాకే."

"సావు నీ మీసంలో ఉండాదా ఏందిరా? అట్లయితే ఇన్నేండ్లు నన్ను బతికిచ్చింది అదేనా? సంగటి పెట్టింది నేను గాదా దానికి? లెయ్యి."

మంగలి మళ్ళీ వచ్చాడు. అవ్వ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మామ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మీసం పోయాక చూస్తే ఆ మొహం చిన్నపిల్లవాడి మొహంలా మెత్తగా ఉంది. అవ్వ చేత్తో తడిమి, "అంతా మీ నాయనే," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూశాను. ఆమె మాత్రం పొగ అంది. అక్కడ పొయ్యే లేదు.

ఆ రోజు నుంచి మామకు కొత్త అలవాటు పట్టుకుంది. తెల్లారగానే ఏదో ఒక వంకతో అవ్వ మంచం దగ్గరికి వచ్చేవాడు. పలుగు ఎక్కడ పెట్టానో అనేవాడు, తాడు కనపడలేదనేవాడు. ఊపిరి ఆడుతోందా లేదా చూసుకుని పోయేవాడు. అవ్వకు తెలుసు. కావాలని కళ్ళు మూసుకుని పడుకుని, ఆయన దగ్గరికి వంగగానే "పలుగు నా కొంగులో లేదురా," అనేది.

పేపరు వచ్చిందంటే మొదటి ప్రశ్న, "ఆ ఒక్కని పేరు పడిందా అమ్మా?" పడలేదు మామా అంటే, పేరు లేకుండానే తిట్టేవాడు.

అసలు తమాషా సంతరోజున జరిగింది. మామ కోయిలకుంట్ల సంతకు పోయాడు. బోసిగా ఉన్న ఆ పైపెదవిని చూసి తెలిసినవాళ్ళంతా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నారు. "ఎప్పుడప్పా? అమ్మేనా?" అని అడిగారు. పందెంలో ఓడిపోయానని చెప్పడానికి మామకు నోరు రాలేదు. తల వంచుకున్నాడు. తల వంచుకున్నవాణ్ణి ఇంకేం అడుగుతారు? పాపం అని వీపు నిమిరి పంపారు. ఇంటికి వచ్చి మాతో ఈ ముక్క చెప్పనూ లేదు.

మర్నాటి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. మొదట వచ్చింది పక్కూరి ముసలాయన. వీధి మొగలోనే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, దిగులు మొహంతో వచ్చాడు. అరుగు మీద చాటతో కూర్చున్న అవ్వను చూసి అట్లాగే నిలబడిపోయాడు.

"పోయింది నేనేనప్పా. కూచో. మజ్జిగ తాగిపో," అంది అవ్వ.

ఆ మజ్జిగ పోసి పోసి నా చేతులు పడిపోయాయి. రోజూ ఎవరో ఒకరు వస్తారు, అవ్వను చూసి కొయ్యబారిపోతారు, సంగతి విని కడుపు పట్టుకుని నవ్వుతారు. అవ్వ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, దారిలో తన గురించి ఏమనుకుంటూ వచ్చారో అడిగి చెప్పించుకునేది. మంచిమనిషి అనుకున్నామంటే, "ఇంగేమనుకుంటిరి?" అనేది. మామ సిగ్గుతో పొలంలోనే ఉండిపోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అవ్వ లోపల సంగటి తింటుండగా వీధి మొగలో లారీ ఆగిన చప్పుడైంది. ఆ వెంటనే ఏడుపు. శోకాలు పెట్టి, రాగం తీసి ఏడ్చే ఏడుపు. తొంగిచూస్తే డ్రైవరు చెయ్యి పట్టుకుని ఒక ముసలామె దిగుతోంది. నేనెప్పుడూ చూడని మనిషి, అచ్చం అవ్వ ముక్కే. బేతంచెర్లలో ఉన్న అవ్వ చెల్లెలు అని అర్థమైంది. వాళ్ళమ్మ వాడిన ఇసుర్రాయి పెద్దకూతురికి దక్కిందని అలిగి, ఏళ్ళ తరబడి మాటా పలుకూ లేదని మా ఆయన ఒకసారి చెప్పాడు. ఊరంతా బండరాళ్ళ గనులున్న చోట కాపురం చేస్తూ ఒక రాయి కోసం తగువేమిటని నేను నవ్వాను కూడా. కోయిలకుంట్ల సంత నుంచి తిరిగిపోయిన బండల లారీతో పాటే చావుకబురు ఆ ఊరికి చేరిందట.

అవ్వ ముద్ద చేతిలోనే పట్టుకుని తలుపు చాటుకు వచ్చింది. సరిగ్గా నేను పేపరు చదివే చోటుకు.

"అక్కా... రాయి నీకిచ్చిందని మాయమ్మ మీద అలిగితి గానీ నీ మీద గాదే అక్కా... ఒక్కతూరి రావే అంటే పరిగెత్తి వస్తాంటినే అక్కా... పిలవకుండానే పోతివా అక్కా..."

నేను బయటికి పోబోతే అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉండు పాపా. ఏడ్వనీ. శానా బాగ ఏడుస్తాండాది," అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఈసారి పొగ అనలేదు. సంగటి చేతిలో అట్లాగే ఎండిపోయింది.

చెల్లెలు అరుగు ఎక్కి కూలబడ్డాక అవ్వ బయటికి వచ్చింది. "కబురు నువ్వంపకూడదా? నీకు నోరు లేదా?" అంది.

ఆమె తలెత్తి చూసి కెవ్వుమని అరిచింది. తర్వాత లేచి, రెండు పిడికిళ్ళతో అవ్వ భుజాల మీద దబదబా బాదింది. "సావకుండా ఏం చేస్తాండావే! సావకుండా ఏం చేస్తాండావే!" అంటూనే మీద పడి కావలించుకుంది. లారీ డ్రైవరు, శెట్టి, నేను, ముగ్గురం నవ్వుతున్నామో ఏడుస్తున్నామో మాకే తెలియదు.

పొద్దు వాలే వేళకు మామ పొలం నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, ఒకరినొకరు దెప్పుకుంటున్నారు. మామ పిన్నమ్మ కాళ్ళకు మొక్కి, అరుగు మీద కూర్చున్నాడు. అలవాటు ప్రకారం నేను తలుపు చాటుకు పోయి పేపరు విప్పాను. మధ్యంతర ఎన్నికలట, పెద్దాయన ఈ వయసులోనూ మళ్ళీ ఊళ్ళు తిరగబోతున్నాడట. ఆ ముక్క వినగానే మామకు హుషారు వచ్చి, ఆ ఒక్కణ్ణి మళ్ళీ తిట్టబోయాడు.

"రేయ్," అంది అవ్వ, చెల్లెలి చెయ్యి విడవకుండానే. "వాన్ని ఇంగ తిట్టగాకు. వాడు యాడుంటే ఆడ చల్లగుండాల. ఆ ఓటు వాడు యాయకుంటే, ఇది వచ్చి నా పీనుగ మీద పడి ఏడుస్తాండె. నేను యాడ వింటాంటి?"

మామ మొలకెత్తుతున్న మీసాన్ని వేలితో తడుముకున్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు.

"వాని పేరు ఇంగ చూడొద్దులే అమ్మా."