దొడ్డబెట్ట మీద తీసిన గాలి

కొండెక్కి కాలు జారినవాళ్లున్నారు, దారి తప్పినవాళ్లున్నారు. కొండెక్కి, కాలూ చెయ్యీ బాగానే ఉండి, కేవలం పరోపకారం చేసి చెడినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ పరోపకారం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. మా అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మా రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున కరెంటు కేంద్రం కొత్తగా పొగ వదలడం మొదలుపెట్టిన రోజులవి. ఆ పొగగొట్టాల నీడలో నాకో ఉద్యోగం. నీడ అన్నది మాటవరసకే. మాకున్నవి రెండే కాలాలు: ఎండాకాలం, రాబోయే ఎండాకాలం. ఆ ఎండలో సైకిల్ నిలబెడితే మధ్యాహ్నానికల్లా ట్యూబు ఢామ్మంటుంది. అందుకని తెలివైనవాడు సైకిల్ నిలబెట్టగానే వంగి, వాల్వు వదులు చేసి, సగం గాలి తీసేస్తాడు. మిగిలిన సగాన్ని ఎండే ఉబ్బించి సాయంత్రానికి మనల్ని ఇంటికి చేరుస్తుందని నా సిద్ధాంతం. ఫిజిక్సులో డిగ్రీ ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు. నిజానికి గేటు పక్కన ఒక పంపు ఉండేది, సాయంత్రం పూట అందరూ, నాతో సహా, దాంతోనే గాలి కొట్టుకునేవాళ్లం. సిద్ధాంతాలు చేసేవాళ్లు అంత చిన్న విషయాలు పట్టించుకోరు.

పెళ్లయిన మొదటి ఎండాకాలం ఊటీ వెళ్దామన్నాను. మా ఆవిడ పద్మ ఆ కరెంటు కేంద్రం పక్కనే ఉన్న దేవసూగూరు పిల్ల. చిన్నప్పటి నుంచీ సైకిల్ తొక్కిన మనిషి. ఊటీ అనగానే పూలతోట అడగలేదు, పడవ అడగలేదు.

"నాకొక్కటే కోరిక," అంది. "ఒక్కసారన్న తొక్కకుంట పోవాలె. నేను ఊరికె కూసుంటె సైకిలే ఉరకాలె."

న్యాయమైన కోరికే. మా వైపు నేల ఎంత చదునంటే, వాననీళ్లు కూడా ఎటు పోవాలో తెలియక కాసేపు నిలబడి ఆలోచిస్తాయి.

కొత్త జంటను అంత దూరం ఒంటరిగా పంపడం మా అత్తగారికి నచ్చలేదు. సామాను మోస్తాడని కొడుకు సూగప్పను తోడు పంపింది. సూగప్ప డిగ్రీ చదువుతున్నాడు. దారి పొడుగునా మోసింది తన దేహాన్ని మాత్రమే. మా అమ్మ నా జేబులో ఉల్లిగడ్డ పెట్టింది, వడదెబ్బ తగలకుండా. వెళ్లేది ఊటీకమ్మా అన్నాను. "మే నెల యాడైన మే నెలే గద నాయనా," అంది. నా శాస్త్రజ్ఞానం ఏ వైపు నుంచి సంక్రమించిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఊటీలో మూడు సైకిళ్లు కిరాయికి తీసుకుని, ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన కొండ దొడ్డబెట్టకు బయల్దేరాం. బయల్దేరాం అంటే తొక్కుకుంటూ అని కాదు. మొదటి మలుపు దాకా తొక్కాం. ఆ తర్వాత మేము నడుస్తుంటే సైకిళ్లు మాతో పాటు వచ్చాయి. సూగప్ప ప్రతి మలుపు దగ్గరా కూలబడేవాడు.

"బావా, సైకిల్ కిరాయి మనం ఎందుకిచ్చినం? మోసుకపోతున్నందుకు అదే మనకియ్యాలె గద!"

"నోరు మూసుకొని తొయ్యి రా," అనేది పద్మ. "వచ్చెటప్పుడు చూడు మజా!" ఆమె ఒక్కతే నవ్వుతూ తోస్తోంది. ఎక్కే ప్రతి అడుగునూ దిగేటప్పుడు వడ్డీతో వసూలు చేసుకునే మనిషిలా ఉంది.

శిఖరం చేరేసరికి చుట్టూ పొగమంచు. డబ్బులిచ్చి దుర్బీనులో చూస్తే అదే పొగమంచు దగ్గరగా కనిపించింది. పద్మకు అవేం పట్టలేదు. కొంగు బొడ్లో బిగించి దోపుకుని, "ఇగ దిగుదామా?" అంది.

"ముందు చాయ్," అన్నాడు సూగప్ప. అక్కాతమ్ముళ్లిద్దరూ చాయ్ బండి వైపు నడిచారు. సైకిళ్ల దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను.

పాఠకులారా, ఇక్కడ నన్ను ఎవరైనా పిలిచి ఉంటే బాగుండేది. మే నెల. మిట్టమధ్యాహ్నం. ఆరుబయట నిలబెట్టిన మూడు సైకిళ్లు. నా నడుము దానంతటదే వంగింది. ముందు నాది, తర్వాత సూగప్పది, చివరికి, ప్రేమతో, పద్మది. చలికి వేళ్లు కొంకర్లు పోయి ఉండడం వల్ల సగం దగ్గర ఆపడం కుదరలేదు. ఆరు చక్రాలూ నిట్టూర్చి నేలకంటుకున్నాయి. అందరి మేలూ కోరినవాడికి కలిగే తృప్తితో చేతులు దులుపుకున్నాను.

పద్మ చాయ్ తాగి పరుగున వచ్చింది. హ్యాండిల్ పట్టుకుని ఆగిపోయింది.

"ఏందిది? గాలి యాడ పోయింది?"

"పోలేదు. తీసిన."

"మీరు తీసిన్రా?"

"మన మంచికే. ఎండకు ట్యూబు పేలతది గద."

సూగప్ప నెమ్మదిగా తలెత్తి ఆకాశం చూశాడు. చలికి అతని పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ఎండ," అన్నాడు. ఆ పదం ఎక్కడో విన్నట్టుంది అన్నట్టు.

"కొంచెం ఆగితే సూర్యుడొస్తడు. వేడికి గాలి వ్యాకోచించి అదే నిండుతది," అన్నాను ధైర్యం చెబుతూ.

"ఉన్న గాలి కద బావా నిండెటిది? నువ్వేడ మిగిలిస్తివి? అసలు నీకు డిగ్రీ ఎవరిచ్చిన్రు బావా? వాళ్ల పేరు చెప్పు, నేను గూడ ఆడనే రాస్త పరీక్ష."

పోయి చాయ్ బండివాణ్ణి సూర్యుడెప్పుడొస్తాడని అడిగాను. మొన్న కాసేపు వచ్చి వెళ్లాడని మర్యాదగా చెప్పాడు.

ఇంతసేపూ పద్మ తిడుతుందని ఎదురుచూస్తున్నాను. తిట్టలేదు. బొడ్లో దోపిన కొంగు తీసి, భుజం చుట్టూ కప్పుకుని, పిట్టగోడ మీద కూర్చుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికైనా చేతిలో ఎలుక ఉంటుంది. నా చేతిలో అదీ లేదు. ఆ కొంగు చూశాక నాకు సిద్ధాంతాలు ఆగిపోయాయి.

అప్పుడొక వ్యాను వచ్చి ఆగింది. మైసూరు వైపు డ్రైవరు. మా చక్రాలు చూసి కన్నడంలో అడిగాడు.

"పంక్చరా?"

"అల్ల," అన్నాను. కాదని.

"మత్తె?" మరేమిటని.

"నానే తెగెదె." నేనే తీశాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "యావూరు స్వామీ?"

"రాయచూరు."

"ఓ... అదక్కే!" అన్నాడు. అందుకేనా అని. రోగం పేరు తెలిశాక డాక్టరు చూపే జాలి ఆ గొంతులో వినిపించింది. ఒకప్పుడు మా ఊళ్లో వ్యాను తోలాడట. ఇంకేం అడగకుండా సీటు కింద నుంచి పంపు తీసి ఇచ్చాడు.

ముసలి పంపు. నేను ముందు పద్మ సైకిల్ పట్టుకున్నాను. ముందు చక్రం నిండింది. వెనక చక్రం నిండింది. సూగప్ప తన సైకిల్ తెచ్చి నిలబెట్టగానే పంపు రెండుసార్లు దగ్గి ప్రాణం విడిచింది. ఎంత కొట్టినా చప్పుడే తప్ప గాలి రాలేదు.

"నువ్వు పో," అన్నాను పద్మతో.

"మరి మీరు?"

"మేము నడుస్తం. నడక ఆరోగ్యం."

"బావా, నా ఆరోగ్యం మంచిగనే ఉంది గద," అన్నాడు సూగప్ప.

"మిమ్మల్ని ఇడిసిపెట్టి ఒక్కదాన్నే ఎట్ల పోవాలె..." అంటూనే పద్మ కొంగు మళ్లీ దోపి సీటెక్కేసింది. మాట పూర్తయ్యేసరికి సైకిల్ మంచులో మాయమైంది.

"అక్కా, బిరేకు పట్టు!" అని అరిచాడు సూగప్ప.

"ఎందుకూ?" అని కింది నుంచి జవాబొచ్చింది. ఆ వెనకే ఒక పెద్ద కేక. భయం కాదు, పట్టరాని సంతోషం. మలుపు మలుపుకూ సన్నబడుతూ చాలాసేపు వినిపించింది.

మేమిద్దరం చచ్చిన సైకిళ్లను శవయాత్రలా నడిపించుకుంటూ దిగాం. ఎక్కేటప్పుడు వాటిని తోశాం, దిగేటప్పుడు పట్టి ఆపాం. ఆ రోజు మొత్తంలో వాటి మీద కూర్చున్న దానికంటే అవి మా మీద వాలిన సమయమే ఎక్కువ. సూగప్ప దారంతా నా చదువు గురించి సందేహాలు అడిగాడు. వాటిలో ఇక్కడ రాయదగినవి లేవు.

పొద్దువాలే వేళకు సైకిల్ షాపు చేరాం. పద్మ బెంచీ మీద కూర్చుని వేడివేడి బజ్జీలు తింటోంది. జుట్టంతా చెదిరింది, ముఖం వెలిగిపోతోంది. ఆమె పక్కనే గోడకానించి నిగనిగలాడే కొత్త పంపు.

నాకు ఒళ్లు మండింది. "పంపు పక్కకే పెట్టుకొని కూసున్నవా! ఇది తీసుకొని పైకి రావొద్దా?"

పద్మ బజ్జీ నమలడం పూర్తి చేసింది. "పైకి రావాల్నంటె తొక్కాలె గద! తొక్కనీకి రాయచూరుంది. ఈడికొచ్చింది దిగనీకె." ఇంకో బజ్జీ అందుకుని, "రేపు మళ్ల పోదాం. పైదాక మీరు తోసుకరాండ్రి, నేను దిగుత," అంది.

మర్నాడు ఆ సైకిల్‌ను దొడ్డబెట్ట మీదికి నేనే తోశాను. శిఖరం మీద నిలబడి, కుడిచెయ్యి చాచి, గంభీరంగా ప్రమాణం చేశాను: "ఈ కొండ సాక్షిగా, ఇకమీదట ఏ నెలలోనూ, ఏ ఎత్తులోనూ, పెళ్లాం సైకిల్ వాల్వు ముట్టను. పరోపకారం చెయ్యాలనిపిస్తే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాను."

ప్రమాణం ముగించి పక్కకు చూస్తే వినేవాళ్లెవరూ లేరు. ఆవిడ అప్పటికే రెండో మలుపు దాటింది.