గోడవైపు తిప్పిన చెంబు

మీ ఇంట్లోంచి ఒకే ఒక్క వస్తువును మనుషుల చరిత్రకు సాక్ష్యంగా గాజుపెట్టెలో పెట్టమని ఎవరైనా అడిగితే, ఆ వస్తువు పని ముగిసిందో లేదో ముందుగా ఎవరిని అడుగుతారు?

నేను ఎవరినీ అడగలేదు. అందువల్ల జరిగినదాన్ని, జరిగిన క్రమంలోనే రాస్తున్నాను.

అప్పటికి కేజీఎఫ్ బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. మూసేస్తారన్న మాట మారికుప్పం రైల్లో రోజూ వినబడేది గాని, ఎవరూ దాన్ని పూర్తిగా నమ్మేవారు కాదు. నాన్న ఇంకా షిఫ్టుకు లోపలికి దిగుతూనే ఉన్నాడు. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. కాలేజీ వాదప్రతివాద పోటీల్లో ఎప్పుడూ వ్యతిరేక పక్షం తీసుకునేదాన్ని. అది సులువని కాదు, ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని పరీక్షించకుండా ఒప్పుకోవడం నాకు చేతకాదు.

ఆ ఏడు బెంగళూరు నుంచి ఒక సంచార ప్రదర్శన మా కాలేజీ హాలుకు వచ్చింది. మనిషి కథను నలభై వస్తువుల్లో చెప్పడం దాని ఉద్దేశం. రాతిగొడ్డలి, మట్టిదీపం, ధాన్యం కొలిచే మానిక, ఒక తాళం, ఒక చేతిగాజు, ఇలా వరసగా ఉండేవి. చివరి పెట్టె మాత్రం ఖాళీ. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆ ఊరి వస్తువు ఒకటి అందులో పెట్టడం వాళ్ళ పద్ధతి. దాన్ని ఎంచే పని విద్యార్థుల సంఘానికి అప్పగించారు.

మా చరిత్ర లెక్చరర్ అప్పటికే నిర్ణయించుకుని వచ్చారు. బంగారు కడ్డీ నమూనా, చెక్కతో చేసి పైన పూత వేసినది, ఆయన గదిలో సిద్ధంగా ఉంది.

నేను లేచి అడిగాను: "సార్, ఈ ఊళ్ళో తీసిన బంగారం ఈ ఊళ్ళో ఉండిపోయిందా?"

"లేదు."

"వెళ్ళిపోయినదాన్ని ఈ ఊరి వస్తువని ఎలా అంటాం? ఉండిపోయినదేదో అది పెట్టాలి కదా?"

"ఉండిపోయింది ఏముంది?" అన్నారాయన. "బంగారం తీశాక పారబోసిన సయనైడ్ మట్టి దిబ్బలు. వాటిని గాజుపెట్టెలో పెడతావా?"

అందరూ నవ్వారు. నేను మా ఇంటి చెంబు గురించి చెప్పాను.

అది మా అవ్వది, అంటే నాన్నవాళ్ళ అమ్మది. ఇత్తడిది. చిత్తూరు వైపు ఒక పల్లె నుంచి తాత గని పనికి వచ్చినప్పుడు మూటలో వచ్చిన సామాన్లలో అదొకటి. అవ్వ దాన్ని వంటింటి చెక్క అర మీద సరిగ్గా అంచున, సగం గాల్లో ఉండేలా పెట్టేది. కొత్తగా వచ్చినవాళ్ళు పడిపోతుందేమోనని లోపలికి జరిపితే మళ్ళీ అంచుకు లాగేది. కారణం ఇది: భూమి లోపల ఒత్తిడికి బండ ఒక్కసారిగా పగిలితే పైన మా లైన్ ఇళ్ళు, అంటే గని పనివాళ్ళ వరస ఇళ్ళు, కదిలేవి. చిన్న కదలికకు చెంబు గలగలమని ఊరుకునేది. పెద్దదానికి కింద పడేది. మోగితే అవ్వ పని చేసుకునేది. పడితే చేతిలో ఉన్నది వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు గేటుకు నడిచేది. పడిన ప్రతిసారీ ఇత్తడికి ఒక సొట్ట. చెంబంతా సొట్టలే. ఏ సొట్ట ఏ రోజుదో అవ్వ వేలు పెట్టి చెప్పగలదు.

నా వాదం నెగ్గింది. పెట్టె ముందు ఉంచాల్సిన చీటీని ఆ సాయంత్రమే రాసేశాను. 'ఈ చెంబు మీది ప్రతి సొట్టా ఒక సాక్ష్యం' అని మొదలవుతుంది. ఇంటికి వెళ్ళి అవ్వకు చెప్పాను.

"అవ్వా, చెంబు ఎగ్జిబిషన్‌కి కావల్ల. కాలేజీలో గాజుపెట్టెలో పెడతారు."

"మన చెంబా? ఎవురు చూస్తారు?"

"ఊరంతా చూస్తాది."

"ఎన్ని దినాలు?"

"పది."

"పదేనా?"

"పదే అవ్వా."

ఆమె వేళ్ళు మడిచి పది లెక్కపెట్టుకుంది. నేను దాన్ని సమ్మతి అనుకున్నాను.

సోమవారం ఉదయం అవ్వ తువ్వాల్లో చుట్టిన చెంబును నా చేతికిచ్చింది. విప్పి చూశాను. అద్దంలా మెరుస్తోంది. ఒంటి మీద ఒక్క సొట్ట లేదు.

"అవ్వా, ఏం చేసినావు? సొట్టలన్నీ యాడికి పోయినాయి?"

"యాడికి పోతాయి? రాబర్ట్‌సన్‌పేట బజార్లో కళాయి పోసే ఆయప్ప సుత్తి కిందికి పోయినాయి. ఇంగ చింతపండు పెట్టి రెండుసార్లు తోమినాను. చేతులు చూడు."

"ఆ సొట్టల కోసమే కదా పెడతామనింది!"

"నువ్వు చెంబు అడిగినావమ్మీ. సొట్టలు అడగలేదు." ఆమె గొంతులో వెటకారం లేదు. "నలుగురు చూసేకాడ నలిగిన చెంబు పెడితే ఆ ఇంట్లో ఆడమనిషి లేదా అంటారు."

నేను అన్న వాక్యాన్ని మనసులో మళ్ళీ చదువుకున్నాను. ఆమె చెప్పింది నిజం. సొట్టల గురించి సంఘానికి చెప్పాను, లెక్చరర్‌కు చెప్పాను, చీటీలో రాశాను. అవ్వకు చెప్పలేదు. పెళ్ళికి ఇచ్చే గిన్నె అయినా, గుడికిచ్చే గంట అయినా ఇంటి గడప దాటేముందు సొట్ట తీయించి తోమి ఇవ్వడం మా లైన్లలో అందరూ చేసే పని. అది తెలిసి కూడా నాకు తట్టలేదు.

చెంబును తిప్పుతుంటే మెడ కింద బొటనవేలికి ఒక గుంట తగిలింది. పూర్తిగా నునుపు చేయని చోటు అదొక్కటే.

"ఇది మిగిలిపోయిందే?"

"మిగల్లేదు. దాన్ని ముట్టొద్దని చెప్పినాను."

ఆ గుంటలో నా వేలు సరిగ్గా అమరింది. అవ్వ నీళ్ళు వంచేటప్పుడు చెంబును ఎప్పుడూ అక్కడే పట్టుకునేది. అది ఆమెకు అలవాటైన పట్టు అనుకున్నాను ఇన్నేళ్ళూ. అది తాత గనిలోంచి పైకి రాని రోజు పడిన సొట్ట అని, ఎవరూ చెప్పకుండానే ఆ నిమిషంలో తెలిసింది.

"ఇదొక్కటి చాలు అవ్వా. ఈ పక్కే జనాలకి కనబడేట్టు పెట్టిస్తాను."

"వద్దు. ఆ పక్క గోడకి తిప్పి పెట్టు."

"చూడకపోతే వాళ్ళకెట్లా తెలుస్తాది?"

"తెలిసి ఏం చేస్తారు? మీ తాతని పైకి తెస్తారా?"

చెంబును మళ్ళీ తువ్వాల్లో చుట్టాను.

హాల్లో ప్రదర్శనతో వచ్చిన అధికారిణి చెంబును చూసి, "ఇది కొత్తది కదమ్మా?" అంది. లెక్చరర్ కడ్డీ నమూనాను పక్క బల్ల మీదికి తెప్పించారు. చెంబును సగం తిప్పితే నేను నెగ్గేదాన్ని. తిప్పలేదు. ఒక సొట్ట ఉందని, దాన్ని గోడవైపు ఉంచాలన్నది చెంబు గల మనిషి షరతు అని చెప్పాను.

"చూపించడానికి ఇష్టం లేకపోతే ప్రదర్శన ఎందుకు?"

"మేడమ్, మిగిలిన వస్తువుల్లో దేని మనిషినైనా అడిగారా?"

"వాళ్ళెవరూ లేరు కదా."

"ఈమె ఉంది."

అధికారిణి చెంబును తానే పెట్టెలో పెట్టింది, మెడ కింది గుంట గోడవైపుగా. నా చీటీ చించేసి, చెంబు ఎక్కడ ఉండేదో, మోగితే ఏం చేసేవారో, పడితే ఏం చేసేవారో నాలుగు వాక్యాల్లో రాశాను. చాలామంది దాన్ని ఓరకంట చూసి వెళ్ళిపోయారు. లైన్ల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొందరు ఆగి చీటీ చదివించుకున్నారు. "మేము కంచం పెట్టేవాళ్ళం," అందొకామె. "కంచమైతే శబ్దం ఎక్కువ."

అవ్వ నాలుగో రోజు వచ్చింది. రాతిగొడ్డలి ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఎవురిది?" అని అడిగింది. తెలియదన్నాను. "పాపం," అని ముందుకు కదిలింది.

ఆరో రోజు మధ్యాహ్నం నేల కదిలింది. పెద్దది కాదు. కాలేజీలో కిటికీ అద్దాలు గలగలమని ఊరుకున్నాయి. సాయంత్రం ఇంటికి వెళ్తే అవ్వ గడపలో కూర్చుని పాదాలు నొక్కుకుంటోంది. వంటింటి అర అంచున, చెంబు ఉండే చోట, ఒక స్టీలు గ్లాసు పెట్టుకుందట. నాకు చెప్పలేదు. చిన్న కదలికకే ఆ తేలిక గ్లాసు కింద పడింది. పడింది కాబట్టి ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో గేటుకు నడిచింది.

గేటు దగ్గర వాచ్‌మన్, "ఏం అవ్వా, మీ చెంబు పడిందా?" అని నవ్వాడట.

"చెంబు కాలేజీలో ఉండాదప్పా," అన్నదట అవ్వ. షిఫ్టు ముగిసి నాన్న పైకి వచ్చేదాకా అక్కడే నిలబడింది. నాన్నకు ఏమీ కాలేదు. లోపల ఆయనకు ఆ కదలిక తెలిసిందో లేదో కూడా గుర్తు లేదన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. చరిత్ర అని నేను గాజుపెట్టెలో పెట్టించినది ఇంకా పనిలో ఉన్న వస్తువు. తాత గురించి ఒకసారి చెప్పింది. నాన్న గురించి రోజూ చెబుతోంది. ఆమె 'ఎన్ని దినాలు?' అని అడిగి మళ్ళీ 'పదేనా?' అన్నప్పుడు అసలు అడిగింది, అది లేకుండా తాను ఎన్నాళ్ళు ఉండాలని. ప్రశ్నలు అడగడంలో బహుమతులు తెచ్చుకున్న నేను ఆ ప్రశ్నను వినలేదు.

మర్నాడు ఉదయం కాలేజీ గేట్లు తెరవగానే వెళ్ళి చెంబు అడిగాను. అధికారిణి కారణం విని తాళం తీసింది. లెక్చరర్ కడ్డీని పెట్టెలో పెట్టబోతే ఆమె వద్దంది. మిగిలిన నాలుగు రోజులూ ఆ పెట్టెలో చీటీ ఒక్కటే ఉంది. దాని అడుగున నేను ఒక వాక్యం చేర్చాను: 'చెంబు ఇంటికి వెళ్ళింది. దానికి ఇంకా పని ఉంది.'

అవ్వ దాన్ని అర అంచున పెట్టి, పట్టు సరిచూసుకుని, గ్లాసును కడిగి బోర్లించింది.

గనులు మూతపడి నాన్న దిగడం ఆగిపోయాక కూడా చెంబు అంచునే ఉంది. ఇప్పుడు అవ్వ లేదు. దాన్ని ప్రదర్శనకు ఇవ్వమని అడిగేవాళ్ళు ఉన్నారు. నేను ఇంకా ఇవ్వలేదు, ఎందుకంటే ఆమె ఉండగా అడగవలసిన ఒక ప్రశ్న అడగలేదు: తన తర్వాత ఆ సొట్ట ఉన్న పక్క ఎటు తిరగాలి?

మీకు ఇంకా అవకాశం ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతిలో రోజూ ఆడే వస్తువు ఒకటి చూసి పెట్టుకోండి. ఈ వారంలోనే వాళ్ళ పక్కన కూర్చుని అడగండి: దీనితో నీకింకా ఏం పని ఉంది, ఎవరికి చూపించవచ్చు, ఏ పక్క చూపించకూడదు అని. వాళ్ళు చెప్పినదాన్ని వాళ్ళ మాటల్లోనే రాసి ఆ వస్తువుతో పాటు పెట్టండి. ఆ తర్వాతే దాన్ని ఎవరికైనా ఇవ్వండి.