తెరకొయ్యకు కట్టిన నీలం రిబ్బను

గుగ్గిలం వాసన తగిలితే ఎవరికైనా పూజ గుర్తొస్తుంది. నాకు పడవ గుర్తొస్తుంది. నిన్న పక్కింట్లో పొగ వేస్తుంటే కిటికీ మూయబోయి అలాగే నిలబడిపోయాను. గుణదలలో దానియేలు మాస్టారి పెరట్లో, నూనెలో కాచిన గుగ్గిలాన్ని పడవ చెక్కల సందుల్లో కూరుతూ గడిపిన సెలవులన్నీ ఆ పొగలో ఉన్నాయి.

ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. డెబ్బైల మొదట్లో నేను అక్కడ కొత్తగా చేరిన ట్యూటర్ని. ఆదివారం హేతువాద చర్చలు ఆయన వాకిట్లోనే జరిగేవి. "నేను చెప్పానని నమ్మితే నువ్వూ భక్తుడివేనోయ్! వంగి చూడు, ఆ తర్వాత వాదించు" అని నన్ను కసిరేవారు. నా బతుకును మళ్లించిన మాట అది.

బందరులో ఎవరో వాడకుండా వదిలేసిన చిన్న తెరచాప పడవను ఆయన తెచ్చుకున్నారు. వన్ టౌన్ పాతసామాన్ల కొట్లలో ఏరిన చక్రాలతో దానికో బండి చేయించి, జీపు వెనక కట్టి కాలవలకు తీసుకెళ్లేవారు. కాలవ వంతెనల కింద చాప కట్టే తెరకొయ్య పట్టేది కాదు. అందుకని దాన్ని మొదలు దగ్గర కోయించి మడతబందు పెట్టించారు. వంతెన రాగానే ఇనుప చీల లాగి కొయ్యను పడుకోబెట్టాలి. దాటాక నిలబెట్టి మళ్లీ చీల దూర్చాలి. చీల జారిపోకుండా దాని చివర సన్నని తీగ పిన్ను ఉండేది.

ఒక చలికాలమంతా పడవ బ్యారేజీకి ఎగువన నదిలోనే ఉంది. కొయ్య దించే పని పడలేదు. అప్పుడే మాస్టారి భార్య మరియమ్మగారు మేరీమాత కొండ నుంచి నీలం రిబ్బను తెచ్చి, మడతబందు చుట్టూ బిగించి ముడేశారు.

"ఆయనకి నమ్మకం లేకపోతే లేకపోనీ బాబూ, నాకుందిగా" అన్నారు నాతో.

మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కానీ ఒక ఆదివారం మా హేతువాద సంఘం వాళ్లు పడవెక్కడానికి వచ్చారు. ప్లీడరు సుబ్బారావు ఆ రిబ్బను చూశాడు.

"ఏం మాస్టారూ, పడవకి తాయెత్తు కట్టించారా? వచ్చే మీటింగుకి కొబ్బరికాయ తెమ్మంటారా?"

అందరూ నవ్వారు. మాస్టారి మొహం ఎర్రబడింది. చాకు తీసి రిబ్బను కోసి పడవలోనే పారేశారు. "చూడండి, మునిగిపోయిందా?" అన్నారు.

నది మధ్యలో గాలి తిరిగింది. చీల జారి, తెరకొయ్య చాపతో సహా ఆయన తల మీద పడింది. నీళ్లలోంచి బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

మాత ఆగ్రహమని వీధి వీధంతా అంది. గాలి వల్ల జరిగిన ప్రమాదమని మా సంఘం అంది. నేను పడవలోకి దిగి వంగి చూశాను. పడవలోనే పడిన చీల చివర తీగ పిన్ను దూర్చే రంధ్రం పూర్తిగా తుప్పుతో మూసుకుపోయింది. పిన్ను ఊడి ఎన్నాళ్లయిందో. పడవ అడుగున దొరికిన రిబ్బను మీద చీల కొన ఒరుసుకున్న గుంట ఉంది. అన్నాళ్లూ చీలను ఆపింది ఆ ముడే.

సంతాపసభకు ముందు మరియమ్మగారు నన్ను పిలిచారు.

"నిజం చెప్పు బాబూ. నా రిబ్బను కోయకపోతే ఆయన బతికుండేవారా?"

"గాలి వల్లేనమ్మా" అంటూ పక్కనే ఉన్న సుబ్బారావు నా చెయ్యి నొక్కాడు. నా ఒక్క అబద్ధంతో సంఘం పరువు నిలిచేది. ఆ అబద్ధం మాస్టారి శవం మీద చెప్పాలి.

"బతికుండేవారేనండీ. ముడి వల్ల. గోనెతాడు కట్టినా అలాగే ఆపేది" అన్నాను.

ఆవిడ మొదటి మాట దగ్గరే సిలువ గుర్తు వేసుకున్నారు. మిగతాది వినలేదు. వారం తిరక్కుండా గుణదలంతా ఆ రిబ్బను మహిమే చెప్పుకుంది. "వాళ్ల చేతికి కత్తిచ్చావురా" అని సుబ్బారావు నాతో మాట మానేశాడు.

తాయెత్తుల మీద నా పోరాటం ఈనాటికీ ఆగలేదు, ఆగదు. కాని ఏ ముడి కోసేముందైనా అది దేన్ని పట్టి ఉంచిందో వంగి చూస్తాను. మాస్టారు నాకు నేర్పిన పని అది. ఆ ఆదివారం పదిమంది నవ్వుతుంటే, ఆయనే వంగి చూడలేదు.