ఆరో మెట్టు

"పైన తాళం వేసి ఉందా? మరి పొద్దుటి నుంచి ముగ్గురి సంగతి సార్‌ని అడిగొచ్చానన్నావే, ఎవర్ని అడిగావు?"

"ఎవర్నీ అడగలేదమ్మా."

"అప్పుడసలు పైకి వెళ్లనే లేదా?"

"ఆరో మెట్టు దాకా వెళ్లాను."

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కావు, అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్న రోజులే. అప్పటికే ఇద్దరు మనవరాళ్లున్న నేను, యాభై రెండో ఏట మొదటిసారి ఉద్యోగంలో చేరాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక కంటి ఆసుపత్రిలో ఆయా పని. నాలుగో తరగతితో ఆగిన చదువుకి అంతకన్నా ఏమొస్తుంది. చేరిన వారంలోనే అక్కడ నా పెత్తనం మొదలైంది. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే ఊరుకునేదాన్ని కాదు. దూది నేనే తుంచి ఇచ్చేదాన్ని (నర్సమ్మల చేతికిస్తే మూరెడు లాగుతారు). కంట్లో చనుబాలు పోసుకొచ్చి, ఏమీ వెయ్యలేదని బొంకేవాళ్లని వరండాలోనే నిలదీసి, డాక్టరు దగ్గర అబద్ధమాడితే కళ్లు పోతాయని బెదిరించేదాన్ని. అటువంటి నేను ఆ మెట్ల మీద ఎన్ని అబద్ధాలు ఆడానో దేవుడికే తెలియాలి.

ఆసుపత్రి కింద, పెద్ద డాక్టరుగారి ఇల్లు పైన. మధ్యలో ఇరవై రెండు మెట్లు. కంటి వైద్యం చదువు ముగించి, సొంతంగా ఆసుపత్రి పెట్టుకునే ముందు ఏడాదిపాటు చెయ్యి తిరగాలని ఒక అమ్మాయి ఆయన దగ్గర చేరింది. చిన్న డాక్టరమ్మ అనేవాళ్లం. చేతిలో పనితనం ఉంది, మనసులోనే ధైర్యం లేదు. ఎంత చిన్న సంగతికైనా "సార్, ఒక్కసారి చూస్తారా" అనేది. పొదిలిలో వాళ్ల నాన్న గది అద్దెకు మాట్లాడి, బోర్డు కూడా రాయించి ఉంచాడు. అక్కడ ఒక్కసారి చూసే సారు ఎవరూ ఉండరు కదా. అందుకని పెద్ద డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. పొద్దుటిపూట ఆయన కిందికి రారు, ఫోను ఎత్తరు. మరీ అవసరమైతే నన్ను పంపి అడిగించుకోవాలి. మొదట్లో నిజంగానే ఎక్కాను. ఏ రోగి సంగతి చెప్పినా ఆయన పేపరు దించకుండా, "ఆవిడ ముందేమనుకుందో అదే చెయ్యమను" అనేవారు. రోజుకి ఏడెనిమిదిసార్లు, ప్రతిసారీ అదే మాట. పదిహేను రోజులయ్యేసరికి నాకది కంఠతా వచ్చేసింది. ఎప్పుడూ ఒకే మాట చెప్పే మనిషి దగ్గరికి అన్ని మెట్లు ఎక్కడం దుబారా అనిపించింది (మోకాళ్లు మాత్రం ఊరికే వచ్చాయా). ఆరో మెట్టు దగ్గర మలుపుంది. అక్కడ కూర్చుంటే కిందవాళ్లకి కనపడను. వక్కపలుకు నమిలేంతసేపు కూర్చుని, దిగొచ్చి, "మీరు ముందేమనుకున్నారో అదే చెయ్యమన్నారు" అనేదాన్ని. ఆదివారం చర్చిలో అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ చదివేటప్పుడు మాత్రం పాటల పుస్తకంలో తల దూర్చి పేజీలు వెతుక్కునేదాన్ని.

అలా నెలన్నర సాగింది. ఆ రోజు చీమకుర్తి నుంచి రాళ్లపని చేసే కూలీ ఒకతను వచ్చాడు. రెండు రోజుల కిందట సుత్తితో కొడుతుంటే కంట్లో ఏదో పడిందట. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కంటి పైపొర మీద చిన్న గీత కనిపిస్తోంది, మందు వేసి పంపాలో, లోపలికి ముక్క దూరిందేమోనని ఎక్స్‌రే తీయించాలో సార్‌ని అడిగి రమ్మంది. ముందేమనుకున్నారు తల్లీ అని అడిగాను. "రెండూ ఒక్కసారే అనుకున్నాను" అంది. నా దగ్గరున్న జవాబు దానికి సరిపోలేదు. అయినా అలవాటు కొద్దీ ఆరో మెట్టు మీద కూర్చున్నాను. కూర్చుంటే ఆ కూలీయే కళ్లముందు మెదిలాడు. నేను వచ్చేసేటప్పుడు మంచి కన్ను చేత్తో మూసుకుని, దెబ్బ తగిలిన కంటితో గోడ మీది క్యాలెండరు చదవాలని చూస్తున్నాడు. లేచి మిగిలిన పదహారు మెట్లూ ఎక్కాను. తలుపుకి తాళం. సారు పొద్దున ఏడింటికే పెళ్లికని ఒంగోలు వెళ్లారని, బట్టలు ఆరేస్తున్న పనమ్మాయి చెప్పింది. దిగొచ్చి ఆ సంగతి చెప్పగానే జరిగిన గొడవే నేను మొదట రాసింది.

"ఎవరి కన్నయినా పోయుంటే ఏం చేసేదానివి ఆయమ్మా?" అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నేనూ తగ్గలేదు. "మీరన్నదే మీకు తిరిగి చెప్పాను. నా వైద్యం అందులో చిటికెడు కూడా కలపలేదు" అన్నాను. ఆ మాటకి ఆమె కుర్చీలో కూలబడింది. సారు ఉన్నారన్న ధైర్యంతో నెలన్నరగా రాసిన మందులన్నీ ఒంటరిగా రాసినవేనని అప్పుడు తెలిసింది పాపం. "మరి నా సంగతేంటమ్మా?" అన్నాడు బల్ల మీదున్న కూలీ. ఆమె నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. అప్పుడు ఆమె లేచి, అతన్ని దీపం ముందు మళ్లీ కూర్చోబెట్టి, రాయి మీద కొట్టావా, ఇనుము మీద కొట్టావా అని అడిగింది. ఇనుప ఉలి మీద అన్నాడు. ఆ తర్వాత ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎక్స్‌రేకి పంపింది. గంటలో ఫొటో వచ్చింది. ఆవగింజలో సగం ముక్క, కంటి లోపల. నలపకుండా మూత కట్టి, తనే ఫోన్ చేసి మాట్లాడి, పెద్దాసుపత్రికి పంపించింది.

సాయంత్రం పెద్ద డాక్టరుగారు రాగానే నా తప్పు నేనే చెప్పుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నువ్వు పైకి రావడం మానేస్తే, ఆ అమ్మాయి అడగడం మానేసిందనుకున్నాను. పిల్ల తయారైంది, తీసుకెళ్లమని వాళ్ల నాన్నకి కూడా చెప్పాను" అన్నారు. నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. ఒక్కసారైనా దిగొచ్చి చూడకపోవడం తన తప్పేనని కూడా అన్నారు. "అయితే నేను పొదిలి వెళ్లకూడదా సార్?" అంది చిన్న డాక్టరమ్మ. పొద్దున చూద్దామన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే, ఆ మలుపులో కొంగు సర్దుకుని జడ్జిలా కూర్చున్న ఆడమనిషి మీద నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మోకాళ్లు మిగుల్చుకుంటున్నాననుకుంది. అవి ఎలాగూ అరిగిపోయాయి.

మర్నాడు పొద్దున, ముక్క తీసేశారని, చూపు దక్కుతుందని పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. పెద్ద డాక్టరుగారు కిందికి దిగొచ్చి, డాక్టరమ్మ గది మూలన కుర్చీ వేసుకుని పేపరు తెరిచారు. మొదట మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఆవిడ ఎర్రటి కళ్లతో వచ్చింది. చిన్న డాక్టరమ్మ చూసి, "ఆయమ్మా" అంది. నేను కొంగు దోపుకుని మెట్ల వైపు తిరిగాను. "పైకి కాదు. తర్వాతవాళ్లని పిలువు" అంది, మందు రాస్తూ. పెద్ద డాక్టరుగారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని, మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు.