తిరగేసే అత్తయ్య, నడిమధ్య అతుకు

తిరగేసే అత్తయ్యకి లోకంలో ఏ వస్తువుకీ ముందు వైపు కనపడదు. కంచమైనా, కుర్చీ అయినా, చేతికందగానే తిరగేసి వెనక్కి చూడాల్సిందే. అప్పట్లో మేనకోడలికి కుదిరిన పెళ్ళికొడుకు ఫోటో ఇస్తే వెనకున్న తెల్ల అట్టని కాసేపు పరిశీలించి "బానే ఉన్నాడు" అంది. ఆ పెళ్ళికొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు పాపం, తను కూడా వెనక్కి తిరగాలో వద్దో తెలియక.

అలాంటి మనిషి ఈమధ్య మేనకోడలిని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని తేరిపార చూడటం మొదలుపెట్టింది. దాంతో మేనకోడలి గుండె జారిపోయింది.

ఎందుకంటే మేనకోడలి పొట్టలో గడ్డ ఉందన్నారు డాక్టర్లు. కోసి తీస్తేగానీ మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకి అన్నం సయించదు, కంటి మీద కునుకు లేదు. ఎండలో కూర్చున్నా చలే. "నువ్వు ఆసుపత్రికెళ్ళే లోపు బొంత కుట్టి ఇస్తాను" అంది అత్తయ్య.

బొంత పైభాగం చకచకా అయిపోయింది. మేనకోడలి చిన్ననాటి గౌన్లు, వాళ్ళ నాన్న గళ్ళ చొక్కాలు, అత్తయ్య పాత చీరలు, అన్నీ ముక్కలై ముచ్చటగా కలిశాయి. తంటా అంతా అడుగున వేసే గుడ్డ దగ్గరే వచ్చింది. అత్తయ్యకి ఏదీ నచ్చదు. పైగా మేనకోడలిని వెంటేసుకుని షాపుకెళ్ళి, ప్రతి గుడ్డనీ ట్రయల్ రూములోకి పట్టుకెళ్ళి గడియ పెట్టుకునేది.

షాపాయన తలుపు దగ్గర నిలబడి బతిమాలేవాడు. "అమ్మా, అది తొడుక్కునేది కాదు."

"తెలుసు."

"మరి లోపల ఏం చేస్తున్నారు?"

"చూస్తున్నా."

"ఇక్కడ లైటుంది కదమ్మా."

"కళ్ళతో కాదు."

షాపాయన మేనకోడలి వంక చూసేవాడు. మేనకోడలు పైన ఫ్యాను వంక చూసేది. ఒకరోజు అత్తయ్య బయటికొచ్చి, షాపులో అందరి ముందూ, "నీకు ఎక్కడ కోస్తారే? నిలువా, అడ్డమా?" అంది.

"బొడ్డు కింద నిలువుగా" అంది మేనకోడలు గొణుగుతూ. అత్తయ్య టేపు తీసి ఆమె పొట్ట మీద పెట్టి కొలిచింది. షాపాయన చేతిలో కత్తెర కింద పడింది. ఇంటికెళ్ళాక మొగుడు ఎంత సర్దిచెప్పినా మేనకోడలి భయం తగ్గలేదు. అన్నిటికీ వెనక ఏముందో చూసే మనిషి, తన విషయంలో ఏం చూసిందో అని ఒకటే దిగులు.

రేపు ఆసుపత్రిలో చేరాలనగా మేనకోడలు అత్తయ్య ఇంటికెళ్ళింది. లోపల అత్తయ్య ఫోనులో మాట్లాడుతోంది. "నడిమధ్యే వచ్చిందంటున్నావుగా. అలా అయితే పిల్ల తట్టుకోలేదు బాబూ. పక్కకుంటే బతికిపోయేది."

మేనకోడలు గుమ్మంలోనే కూలబడింది. అత్తయ్య పరుగెత్తుకొచ్చింది.

"డాక్టరుతోనా అత్తా మాట్లాడుతున్నావు?"

"డాక్టరెందుకే? గుడ్డల షాపాయనతో."

"నేను బతకనని ఆయనకెలా తెలుసు?"

అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "నీ మొహం. గుడ్డ వెడల్పు చాలదు, రెండు కలిపి కుట్టాలి. కలిపితే అతుకు సరిగ్గా మధ్యలో, నీ కుట్ల మీద పడుతుంది. అక్కడ రుద్దుకుంటే ప్రాణం పోతుందనిపిస్తుంది."

"నీకెలా తెలుసు?"

అత్తయ్య నడుం దగ్గర చీర పక్కకి జరిపింది. బొడ్డు కింద సన్నటి తెల్లగీత.

"నువ్వు పుట్టకముందు. నాదీ గడ్డే. ఇంటికొచ్చాక మంచి బొంత కప్పారు. పైన పువ్వులు, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అడుగున ఇంత లావు అతుకు. ఎవరికి చెప్పుకోను? ఏడ్చుకుంటూ కప్పుకున్నా. అప్పటి నుంచి నాకు పై పువ్వుల మీద నమ్మకం పోయింది."

"అయితే ట్రయల్ రూములో..."

"ఈ మచ్చకి రుద్దిచూశా. దీనికింకా తెలుస్తుంది."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే భయపడతావని."

ఇన్నాళ్ళూ తను పడ్డ భయం తలుచుకుని మేనకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నీకు చచ్చిపోతాననిపించిందా అత్తా?" అంది చివరికి.

"ఎందుకనిపించలేదూ? అనిపించి కూడా, చూడు, ఇప్పటికీ మీ అందరి ప్రాణాలూ తీస్తూనే ఉన్నాను."

ఆ సాయంత్రం షాపు నుంచి గుడ్డలు తెప్పించుకుని, ఇద్దరూ కూర్చుని ఒక గుడ్డని మధ్యలో ఉంచి, రెండోదాన్ని నిలువునా చీల్చి అటొకటి ఇటొకటి కలిపారు. అతుకులు రెండూ పక్కలకి పోయాయి. నడిమధ్య చెయ్యి పెడితే నున్నగా జారింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు రిపోర్టు పట్టుకుని వచ్చాడు. మేనకోడలు బొంత గడ్డం దాకా లాక్కుని చూస్తోంది. అత్తయ్య ఆ కాగితం అందుకుని వెంటనే తిరగేసింది.

"వెనక ఏమీ లేదమ్మా" అన్నాడు డాక్టరు.

"ఏమీ లేదుగా?"

"ఏమీ లేదు. మామూలు గడ్డే. భయం లేదు."

"అత్తా, నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి" అంది మేనకోడలు, కళ్ళు తుడుచుకుంటూ. అత్తయ్య ఆ మాట వినిపించుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని, కాగితాన్ని మళ్ళీ తిప్పి, నింపాదిగా ముందు వైపు చదవడం మొదలుపెట్టింది.