కరెంటుతో పాటే ఆగిన ప్రార్థన

మొన్న పొద్దున మనవరాలి హైస్కూలుకు వెళ్ళాను. మూడువందలమంది పిల్లలు ప్రార్థనకు నిలబడ్డారు. చిన్నప్పుడు బడిలో మనం పాడిన కన్నడ ప్రార్థన పాటే, కానీ పాడుతున్నది స్పీకరు. పిల్లలు పెదవులు ఆడిస్తున్నారంతే. సగంలో కరెంటు పోయింది. పాట ఆగింది, పెదవులూ ఆగాయి! రోడ్డుమీద గనుల లారీల మోత ఒక్కటే మిగిలింది.

బళ్ళారి పక్క సిరుగుప్పలో నాతో చదివిన అమ్మణ్ణులారా, గుర్తుందా? కన్నడం నోరు తిరగక ఆ పాటను అరచేతిలో తెలుగు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. తీరా అయ్యవారు ఒకరి చేతులొకరు పట్టుకొని పాడమనేవారు. ఇంక చూసేదెట్లా? చెమటకు నా సిరా మీ చేతికి అంటేది, మీ పాట నా నోటికి వచ్చేది. నాది కాకి గొంతని గుంపులో నాకే తెలియలేదు.

ఆ ధైర్యంతోనే మొన్న, స్పీకరు ఆపేసిన చోటినుంచి మిగిలిన చరణం ఎత్తుకున్నాను.

"అవ్వా, ఊరుకో! అందరూ చూస్తాండారు," అంది మనవరాలు.

"చూడనీలేమ్మా. నువ్వూ అందుకో."

"నాకేడొస్తాది? దినామూ ఆ స్పీకరే పాడతాది గదా!"

అంతలో హెడ్మాస్టరు ప్యూనును కేకేశాడు: "జల్దీ జనరేటర్ ఏయప్పా! ప్రార్థన నిలిచిపోయిండాది!"

మూడువందల గొంతులున్న చోట, పాటకోసం డీజిలు పోశారు.